పిల్లికి ఎఫ్ఐవీ పాజిటివ్ వస్తే

ప్రశ్న: మా గండుపిల్లికి ఐదేళ్లు. రాత్రిళ్లు బయట తిరిగొస్తుంది. పోయిన వారం ఎక్కడో కొట్లాడి మెడ మీద పుండుతో వచ్చింది. చూపిద్దామని తీసుకెళ్తే రక్తపరీక్ష కూడా చేసి ఎఫ్ఐవీ పాజిటివ్ అన్నారు. ఇంట్లో ఇంకో ఆడ పిల్లి ఉంది, రెండూ ఒకే గిన్నెలో తింటాయి, ఒకదాన్నొకటి నాక్కుంటూ పడుకుంటాయి. మా చిన్నపాప వాటిని ముద్దులు పెట్టుకుంటుంది. "అది పిల్లుల ఎయిడ్స్, ఇంజెక్షన్ ఇప్పించి వదిలించుకోండి" అంటున్నారు చుట్టాలు. ఏం చేయమంటారు డాక్టరు గారూ?

జవాబు: ముందు పాప సంగతి చెప్పేస్తానమ్మా, మీ అసలు టెన్షన్ అదేనని తెలుస్తూనే ఉంది. ఎఫ్ఐవీ అంటే పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్, ఇది మనుషులకు రాదు. ముద్దు పెట్టుకున్నా, గీరినా, కరిచినా రాదు. (కరిస్తే మాత్రం సబ్బు నీళ్లతో బాగా కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అది రేబిస్ భయంతో, ఇంకా పిల్లి నోట్లో ఉండే బ్యాక్టీరియా వల్ల. ఎఫ్ఐవీకి సంబంధం లేదు.) మనుషుల హెచ్ఐవీ, ఇదీ రెండూ లెంటివైరస్‌లనే ఒకే కుటుంబానివే, ఒంట్లో రోగనిరోధక కణాల మీద దెబ్బకొట్టే పద్ధతీ దగ్గరగానే ఉంటుంది, కానీ ఇది పిల్లి జాతి దాటి మనకు అంటుకోదు. 1986లో కాలిఫోర్నియాలో గుంపుగా పెంచుతున్న పిల్లులు జబ్బుపడుతుంటే డేవిస్ యూనివర్సిటీలో నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో బృందం దీన్ని మొదటిసారి పట్టుకుంది. అప్పటికి ఎయిడ్స్ పేరు చెబితేనే జనం హడలిపోతున్నారు, ఆ భయం ఇప్పటికీ పిల్లుల్ని వదల్లేదు.

ఇక రెండో పిల్లి. వైరస్ ఉండేది లాలాజలంలోనే అయినా, అది అంటుకునేది ఎక్కువగా లోతైన పంటిగాటు వల్ల. కోరపన్ను చర్మం లోపలికి దిగి సిరంజితో ఎక్కించినట్టు ఎక్కిస్తుంది. అందుకే బయట తిరిగి కొట్లాడే గండుపిల్లుల్లోనే ఇది ఎక్కువ. ఒకే గిన్నె, ఎంగిలి నీళ్లు, నాక్కోవడం వల్ల రావడం చాలా అరుదు. ఒంటి బయట ఈ వైరస్ ఎక్కువసేపు బతకదు, గిన్నెలు సబ్బుతో కడిగితే చాలు.

ఇంకో మాట గమనించండి. పరీక్షలో మామూలుగా చూసేది వైరస్‌ని కాదు, దానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలని. అవి కనబడటానికి రెండు నెలల దాకా పట్టొచ్చు. మెడ మీద పుండు పోయిన వారానిది కాబట్టి, ఈ పాజిటివ్ దీనివల్ల కాకపోవచ్చు, ఎప్పటిదో పాత కొట్లాటది అయ్యుంటుంది. అంటే మీ ఆడ పిల్లి ఇన్నాళ్లూ దీని పక్కనే పడుకుంటోంది. దానికీ పరీక్ష చేయించండి. నెగటివ్ వచ్చి, రెండూ కొట్లాడుకోకుండా ఉంటే విడదీయక్కర్లేదు. మీ గండుపిల్లికి మాత్రం ఇంకో రకం పరీక్షతో రూఢి చేసుకోండి, ఒక్క పాజిటివ్ కాగితం చూసి ఏ నిర్ణయమూ వద్దు. ఇంజెక్షన్ మాటైతే అసలే వద్దు.

ఎఫ్ఐవీ ఉన్న చాలా పిల్లులు ఏళ్ల తరబడి హాయిగా ఉంటాయి. పూర్తిగా నయం చేసే మందు లేదు, అందుకని జాగ్రత్తే మందు. ఇక నుంచి దాన్ని బయటికి వదలకండి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాకపోయుంటే చేయించండి, కొట్లాటలు సగం అక్కడే తగ్గుతాయి, వేరే పిల్లులకూ దీన్నుంచి అంటదు. పచ్చి మాంసం పెట్టకండి. ఆరు నెలలకోసారి చూపించి బరువు రాయించుకోండి. అన్నిటికన్నా నోరు చూస్తుండండి. చిగుళ్లు ఎర్రగా వాచడం, చొల్లు కారడం, తిండి దగ్గరికి వచ్చి తినకుండా వెనక్కి పోవడం, ఇవి ఈ జబ్బులో బాగా కనబడతాయి. కొన్నిటికి పళ్లు పీకించాల్సి వస్తుంది, వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ నొప్పి పోయాక అవి మునుపటికంటే బాగా తింటాయి. నోటి పుండ్లు మరీ ఎక్కువైతే జిడోవుడిన్ అనే మందు వాడే డాక్టర్లున్నారు, దాంతో రక్తం తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి రక్తపరీక్షలు చేయిస్తూ వాడాలి. జ్వరం వచ్చిందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయకండి. పిల్లులకు అది విషం, ఎఫ్ఐవీ కన్నా ముందు అదే చంపుతుంది.

ప్రశ్న: తల్లి పిల్లికి ఎఫ్ఐవీ ఉంది. రెండు నెలల కూనలు మూడింటికీ పాజిటివ్ వచ్చింది. వాటికీ వచ్చేసినట్టేనా?

జవాబు: తొందరపడకండి. తల్లి పాలతో యాంటీబాడీలు కూనలకు వస్తాయి, పరీక్షలో అవే కనబడి ఉండొచ్చు. వైరస్ నిజంగా తల్లి నుంచి దిగడం అరుదే. ఆరు నెలలు నిండాక మళ్లీ చేయించండి, చాలావాటికి అప్పుడు నెగటివ్ వస్తుంది. ఈలోగా ఎవరైనా పెంచుకుంటామంటే విషయం చెప్పే ఇవ్వండి.

ప్రశ్న: ఎఫ్ఐవీ, ఫెలైన్ లుకేమియా ఒకటేనా? టీకా ఉందా?

జవాబు: కాదు, లుకేమియా తెచ్చేది వేరే వైరస్, అది పిల్లుల్లో రక్తక్యాన్సర్ లాంటివి తెస్తుంది. నాక్కోవడం, కలిసి తినడం వల్ల సులువుగా అంటేది లుకేమియా, దానికి టీకా ఉంది. ఎఫ్ఐవీకి 2002లో అమెరికాలో ఒక టీకా వచ్చింది గానీ, వేయించుకున్న పిల్లులకూ యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వస్తుండటంతో ఏది జబ్బో ఏది టీకానో తేల్చడం తలనొప్పయింది. తర్వాత అక్కడ దాని అమ్మకం ఆపేశారు. మీ పిల్లిని ఇంకెవరి దగ్గర్నుంచైనా తెచ్చుకుని ఉంటే, ఆ టీకా వేశారేమో అడిగి తెలుసుకోండి.