వరిబీజమని రాయడంతో తిరస్కరించిన క్లెయిమ్: మదుపు అమ్మాలా?

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. అర్ధరాత్రి వృషణంలో భరించలేని నొప్పి రావడంతో ఆసుపత్రికి తీసుకెళ్లాం. వృషణం మెలిపడిందని చెప్పి వెంటనే ఆపరేషన్ చేశారు. వృషణం దక్కింది. అయితే 8 నెలల క్రితం నేను తీసుకున్న ఆరోగ్య బీమా కింద క్లెయిమ్ పెడితే, వరిబీజానికి 24 నెలల నిరీక్షణ కాలం (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బు ఖర్చు చెల్లించని కాలం) ఉందంటూ తిరస్కరించారు. డిశ్చార్జ్ సమ్మరీలో హైడ్రోసిల్ (వరిబీజం, అంటే వృషణం చుట్టూ నీరు చేరడం), దాని కోడ్ ఎన్43.3 అని ఉంది. బిల్లు కట్టడానికి చేసిన అప్పు తీర్చేందుకు నా దీర్ఘకాలిక మదుపులో మూడో వంతు అమ్మేయాలా? కోడ్ మార్చమని డాక్టరుగారిని అడగడం తప్పవుతుందా?

సమాధానం: మదుపు ఇప్పుడే అమ్మవద్దు. మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే, తిరస్కరణకు కారణం మీ తమ్ముడి జబ్బు కాదు, దాన్ని కాగితం మీద రాసిన తీరు. దాన్ని సరిచేయమని అడిగే హక్కు మీకు ఉంది. అయితే అడగాల్సింది కోడ్ మార్చమని కాదు. ఆపరేషన్‌లో కనిపించినది డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్నదున్నట్టు రాయమని అడగండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ-10 అనే వర్గీకరణలో ప్రతి జబ్బుకూ ఒక సంకేతం ఉంటుంది. సాధారణంగా డాక్టరు రాసిన నిర్ధారణను చదివి కోడింగ్ విభాగంలోని ఉద్యోగి ఆ సంకేతాన్ని కేటాయిస్తారు. రోగిని వారు చూడరు, కాగితాన్నే చూస్తారు. అందులో ఎన్43 వరిబీజానికి చెందినది కాగా, ఎన్43.3 అంటే ఏ రకమో తేల్చి రాయని వరిబీజం. మెలిపడిన వృషణానికి పక్కనే ఎన్44 అనే వేరే సంకేతం ఉంది. ఒక్క అంకె తేడాయే అయినా, మొదటిది తీరిక చూసుకుని చేయించుకోదగిన ఆపరేషన్ కిందికి వస్తుంది, రెండోది గంటల లెక్కన వృషణాన్ని కోల్పోయే అత్యవసర పరిస్థితి.

వరిబీజం అన్న మాట ఆ కాగితంలోకి ఎలా వచ్చి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. వృషణం మెలిపడి రక్తప్రసరణ ఆగినప్పుడు చుట్టూ కొంత నీరు చేరడం మామూలే. స్కానింగ్ రిపోర్టులో ఆ నీటిని హైడ్రోసిల్ అని రాస్తారు. సమ్మరీ తయారుచేసినవారు ఆ మాటను నిర్ధారణ గడిలోకి ఎత్తిరాసి ఉంటే, కోడింగ్ ఉద్యోగికి ఎన్43.3 తప్ప వేరే దారి లేదు. నిజానికి ఆసుపత్రిలో ప్రధానంగా దేనికి చికిత్స జరిగిందో దాన్నే ప్రధాన నిర్ధారణగా చూపాలన్నది ఐసీడీ నియమం. మెలి విప్పడానికే ఆపరేషన్ జరిగితే మెలే ప్రధాన నిర్ధారణ, నీరు చేరడం దాని పర్యవసానం.

కాబట్టి ముందుగా ఆసుపత్రి రికార్డుల విభాగం నుంచి ఆపరేషన్ నోట్స్ నకలు తీసుకోండి. ఏ వైపు వృషణం, ఎన్ని చుట్లు తిరిగింది, మెలి విప్పకముందు రంగు ఎలా ఉంది, విప్పాక ఎలా మారింది, మళ్లీ తిరగకుండా రెండు వైపులా కుట్లు వేశారా అన్న సంగతులు అందులో ఉండాలి. అవి ఉంటే సర్జన్‌గారిని కలిసి, సమ్మరీకి తేదీ, సంతకంతో సవరణ పత్రం జతచేయమని కోరండి. పాత కాగితాన్ని చింపి కొత్తది ఇస్తామంటే ఒప్పుకోకండి. రెండు వేర్వేరు సమ్మరీలు బీమా సంస్థ చేతిలో పడితే నిజం చెప్పినవారినే అనుమానిస్తారు. ఒకవేళ ఆపరేషన్‌లో మెలి కనిపించలేదని, వరిబీజమే ఉందని సర్జన్‌గారు చెబితే మాత్రం తిరస్కరణ సరైనదే. పాలసీకి అనుకూలంగా జబ్బు పేరు రాయించుకోవడం మోసమే అవుతుంది, దానివల్ల పాలసీ మొత్తం రద్దయ్యే ప్రమాదమూ ఉంది.

క్యాజువాలిటీలో మొదట రాసిన పేజీని కూడా తప్పక చూడండి. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబంలో పదహారేళ్ల అబ్బాయి సిగ్గుపడి, పొత్తికడుపులో నొప్పి అని మాత్రమే చెప్పాడు. ఆ మాటే మొదటి పేజీలో పడింది. ఆపరేషన్ నోట్స్‌లో వృషణం అని ఉండటంతో రెండింటికీ పొంతన లేదని క్లెయిమ్ నెలల తరబడి నిలిచిపోయింది. ఆ బిడ్డను నేను తప్పుపట్టను. మెలిపడినప్పుడు నొప్పి పొత్తికడుపులోకీ పాకుతుంది, పైగా ఆ వయసులో ఆ మాట నోటితో చెప్పడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. కానీ సుమారు 6 గంటల్లోపు మెలి విప్పితేనే వృషణం దక్కే అవకాశం ఎక్కువగా ఉంటుంది. ఇంట్లో మగపిల్లలున్నవారు ఈ సంగతి దాపరికం లేకుండా వారికి చెప్పి ఉంచాలని నా విన్నపం.

మీ తమ్ముడికి చిన్నప్పుడు వృషణం కిందికి దిగని సమస్య ఉండి, అది పాలసీ దరఖాస్తులో చెప్పకపోయి ఉంటే, ఆ సంగతి నాకు ముందే చెప్పండి. దాని సంకేతం క్యూ53, పుట్టుకతో వచ్చినవాటి వర్గానికి చెందినది కాబట్టి బీమా సంస్థ ఆ కోణంలోనూ ప్రశ్నించవచ్చు. అలాగే ఆపరేషన్‌లో ఏదైనా ముక్క తీసి పరీక్షకు పంపి ఉంటే ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగి, అన్నీ కలిపి పంపండి.

ఇక డబ్బు సంగతి. అప్పు వడ్డీకి తెచ్చినదైతే దాన్ని ముందు మీ అత్యవసర నిధితో తీర్చండి, ఆ నిధి ఉన్నది ఇలాంటి రాత్రుల కోసమే. అది చాలకపోతే మిగిలిన మొత్తానికి వాయిదాలు అడగండి. నెలనెలా చేస్తున్న మదుపును మూడు, నాలుగు నెలలు ఆపి ఆ సొమ్ముతో వాయిదాలు కట్టినా ఫరవాలేదు, కానీ ఇప్పటికే పెరిగిన మొత్తాన్ని కదపకండి. వడ్డీ మీ మదుపు రాబడిని మించిపోయి, పునఃపరిశీలనలోనూ క్లెయిమ్ తిరస్కరిస్తే, అప్పుడు మిగిలిన అప్పుకు సరిపడా మాత్రమే అమ్ముదాం.

తిరస్కరణ లేఖలో పునఃపరిశీలనకు గడువు ఉంటే ఆ తేదీని ఈరోజే రాసి పెట్టుకోండి. సవరణ పత్రం ఆలస్యమయ్యేలా ఉంటే, అది వస్తోందని తెలుపుతూ ఆపరేషన్ నోట్స్‌తో గడువులోగానే దరఖాస్తు చేయండి. మీ లేఖలో బాధ, కోపం రాయవద్దు. ప్రధాన నిర్ధారణ వృషణం మెలిపడటమని, నీరు దాని పర్యవసానమని, ఆపరేషన్ నోట్స్‌లోని ఫలానా వాక్యం చూడమని పేజీ సంఖ్యతో సహా రాయండి.

కొన్ని నెలల తర్వాత ఆ వృషణం కుంచించుకుపోలేదని నిర్ధారించుకోవడానికి డాక్టరు మళ్లీ పరీక్షకు రమ్మనవచ్చు. ఆ ఖర్చును అత్యవసర నిధిలో విడిగా ఉంచి, ఆ పరీక్షకు డాక్టరు ఇచ్చే చీటీ మీద ఇదివరకటి మెలి ఆపరేషన్ తేదీ రాయించుకోండి.