హౌరా దారిలో అన్నం

అమ్మలూ,

నువ్వు బుల్లెట్టు మీద బెజవాడ నుంచి కలకత్తా పోతానంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నువ్వైనా మానిపించు" అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మతో "మన ఇంట్లో నా తర్వాత ఆ రోడ్డెక్కేది ఇదేనే" అని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

హెల్మెట్, లైసెన్సు, టైర్లలో గాలి, ఇవన్నీ నీకు తెలుసు. 1,200 కిలోమీటర్ల దారి, నాలుగు రోజులు పెట్టుకో. చీకటి పడ్డాక నడపకు.

నేను చెప్పేది తిండి గురించి. నవ్వకు. ఇరవై రెండేళ్లు కైకలూరు నుంచి హౌరాకి చేపల లోడు తోలినవాణ్ణి. ఊళ్ల పేర్లు మర్చిపోయాను గానీ ఎక్కడ ఏం తిన్నానో మర్చిపోలేదు. మేం దాన్ని ఐదో నంబరు రోడ్డు అనేవాళ్లం, ఇప్పుడు 16 అంటున్నారు. నంబరు ఏదైతేనేం, అన్నవరంలో విస్తరాకు పొట్లంలో కట్టిచ్చే ప్రసాదం అదే. గోధుమ నూక, తీపి, నెయ్యి. చల్లారినా బాగుంటుంది. రెండు పొట్లాలు కొనుక్కో, ఒకటి సాయంత్రానికి. చిలకా సరస్సు పక్కన బాలుగావ్‌లో పీతలు, రొయ్యలు చూస్తే ఆగలేవు. ఆ రాత్రి అక్కడే పడుకునేట్టయితేనే తిను. భువనేశ్వర్ దాటాక, కటక్ రాకముందు పహాల వస్తుంది. రోడ్డు పక్కన వరసగా రసగుల్లా కొట్లే. బెంగాలీ వాళ్లవాటిలా తెల్లగా ఉండవు, కాస్త గోధుమరంగు. వేడిమీద నోట్లో వేసుకుంటే పళ్లతో పనుండదు. కటక్‌లో పొద్దున్నే పల్చటి పెరుగులో వడలేసి, పైన ఆలూ కూర పోసిస్తారు. ఆవడ మీద కూరేంటని మొదటిసారి మొహం చిట్లించాను. తర్వాత ప్రతి ట్రిప్పులోనూ దానికోసమే ఆగేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా సగమే తెలుసు.

1993 మే నెల. బండి నిండా శీలావతులు, బొచ్చెలు, వాటి మీద ఐసు. ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గర లైనులోనే నాలుగు గంటలు పోయాయి. ఆ ఎండకి ఐసు కరిగి బండి కింద నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ ధార చూస్తే నాకు పిచ్చెక్కిపోయింది. ఇంక ఎక్కడా ఆపలేదు. అన్నం లేదు, టీలూ బీడీలే. క్లీనరు కుర్రాడికి పంతొమ్మిదేళ్లు, వాణ్ణి కూడా మాడ్చాను. రాత్రి పదకొండింటికి భద్రక్ దాటాక ఒక ఢాబా దగ్గర ఆపాను. వేడన్నం, మాంసం కూర. మూడుసార్లు పెట్టించుకున్నాను. క్లీనరు కుర్రాడు నులక మంచం చూపించి "అన్నా, ఒక గంట నడుం వాల్చు" అన్నాడు. "ఐసు మీ బాబు పోస్తాడా?" అని కసిరాను.

అరగంట కూడా అవలేదు. కడుపు బరువు, చల్లగాలి, అంతవరకే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి లారీ పొలంలో ఒరిగిపోయి ఉంది. వాడి కుడిచెయ్యి డోరు కింద నలిగిపోయింది.

చుట్టుపక్కల వాళ్లు పరిగెత్తుకొచ్చారు. కొందరు మమ్మల్ని లాగారు, కొందరు చేపలు ఏరుకున్నారు. వాళ్లనేం తప్పుపట్టను. తెల్లవారాక, ఆసుపత్రికి బండి కోసం చూస్తుంటే, ఒకావిడ సత్తుగిన్నెలో పఖాళ తెచ్చింది. మన చద్దన్నమే అనుకో, పక్కన కాల్చిన వంకాయ, పచ్చిమిరపకాయ. వాడి చెయ్యి లేవదు. నేనే ముద్ద కలిపి నోట్లో పెట్టాను. నన్ను ఒక్క మాట అనలేదమ్మా. నాలుగు ముద్దలు తిని "నువ్వు తిను అన్నా" అన్నాడు. నాకు గొంతు దిగలేదు.

ఆ చెయ్యి మళ్లీ స్వాధీనంలోకి రాలేదు. మీ అక్క పెళ్లిలో ఆఖరి బంతిలో నా పక్కన కూర్చున్నాడే, "ఆ బాబాయి ఎడంచేత్తో తింటాడేంటి పెదనాన్నా?" అని అడిగావు. నేను లడ్డూ వడ్డించమని కేకేసి మాట మార్చేశాను.

అందుకని చెబుతున్నా, ఖాళీ కడుపుతో నడపకు, నిండా తిని అసలే నడపకు. పొద్దున్న రెండిడ్లీలు, మధ్యాహ్నం పెరుగన్నం. గట్టి భోజనం బసకి చేరాకే. రెప్ప బరువెక్కితే అక్కడే ఆపు. లేటవుతోందని మీ స్నేహితులు గోల చేస్తే నా పేరు చెప్పి తిట్టు. లారీలు ఎక్కువ ఆగే ఢాబాలో అన్నం బాగుంటుంది, కాదనను. అయినా నువ్వు కుటుంబాలు కూర్చునే చోటే ఆగు. మా డ్రైవర్లంతా బంగారాలని నేను పూచీ పడలేను.

మొన్న వాడికి నీ సంగతి చెప్పాను. టెన్షన్ పడతాడనుకుంటే నవ్వాడు. "నీకంటే బాగానే తోలుద్దిలే అన్నా" అన్నాడు.

నాకోసం రసగుల్లాలు తేవద్దు, దార్లోనే పులుస్తాయి. రెండుసార్లు తెచ్చి మీ పెద్దమ్మ చేత తిట్లు తిన్నాను. తిరిగొచ్చేటప్పుడు పలాసలో ఆగి జీడిపప్పు రెండు కిలోలు పట్టుకురా. ఒకటి మీ పెద్దమ్మకి. రెండోది ఆ బాబాయికి, నువ్వే తీసుకెళ్లి ఇవ్వాలి.

మీ పెదనాన్న