కార్యాలయ బాధ్యతలు చేపట్టిన చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

సిబ్బంది సామర్థ్యం పెరగాలంటే ముందుగా ఏ శిక్షణ ఇప్పించాలని అడిగావు. శిక్షణ సంగతి తరువాత ఆలోచించవచ్చు. ఎవరు సెలవు పెడితే ఏ పని ఆగిపోతుందో ముందు కనుక్కో.

నేను తొలిసారి అధికారిగా ఉన్న విభాగంలో కుటుంబ పింఛను దరఖాస్తులన్నీ ఒకే గుమాస్తా చూసేవారు. సర్వీసు రిజిస్టరులో ఏదైనా సంవత్సరం నమోదు కాకపోతే దాన్ని ఏ వేతన పట్టీతో సరిచూడాలో, ఏ శాఖకు ఎలా రాస్తే కొర్రీ లేకుండా జవాబు వస్తుందో ఆయనకు కరతలామలకం. ఆయన జబ్బుపడి రెండు నెలలు రాకపోయేసరికి ఫైళ్లు బల్లమీద పేరుకుపోయాయి, భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు వరండాలో బెంచీ మీద కూర్చుని సాయంత్రానికి తిరిగి వెళ్లేవారు. ఆయన నేర్పు కార్యాలయానిదేనని అన్నాళ్లూ నమ్మడం నా పొరపాటు.

ఆయన తిరిగి వచ్చాక ఒక కొత్త ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టి, ప్రతి ఫైలు మీదా ఏం చేస్తున్నారో, అలా ఎందుకు చేస్తున్నారో అడిగి రాయమన్నాను. ఆ 'ఎందుకు' అన్నదాన్ని వదలవద్దు. నియమం మారిన రోజున, కారణం తెలిసినవాడే పద్ధతిని సరిగ్గా మార్చగలడు. లిఖిత దస్త్రాలే ఆధునిక కార్యాలయానికి ఆధారమని జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ అన్నాడు. అయితే నిర్ణయం మాత్రమే ఉండి కారణం లేని నోటు వల్ల తరువాత వచ్చేవారికి ఒరిగేది తక్కువ.

తప్పు జరిగినప్పుడు మొదటి ప్రశ్నగా 'ఎవరు' అని అడగకు, ఎందుకంటే రెండుసార్లు అలా అడిగితే మూడోసారి తప్పు జరిగిన సంగతే నీదాకా రాదు.

ఏడాదికోసారి మీ పనిని మీరే మదింపు చేసుకోండి. ఐరోపా ప్రభుత్వ సంస్థల కోసం 2000లో రూపొందిన ఉమ్మడి మదింపు చట్రంలో 9 అంశాలున్నాయి: నాయకత్వం, సిబ్బంది, పని విధానం వంటి 5 అంశాలు సంస్థ నడిచే తీరును, మిగిలిన 4 ఫలితాలను పరిశీలిస్తాయి. ఫలితాల లెక్కలతోనే సరిపెట్టుకోకుండా వాటికి కారణమైన పనితీరును కూడా వాటితో కలిపి చూడడం నాకు నచ్చింది. ఆ చర్చలో కింది స్థాయి సిబ్బందిని తప్పక కూర్చోబెట్టు.

మరొక మాట. చార్జి అప్పగింత పత్రాల్లో బీరువా తాళాలు, కుర్చీల లెక్క ఉంటాయి గాని, నలుగుతున్న వ్యవహారాలు, ఇచ్చిన హామీలు సాధారణంగా ఉండవు. నీ బదిలీ ఎప్పుడో తెలియకపోయినా ఆ పత్రాన్ని ఈ నెల నుంచే రాయడం మొదలుపెట్టు. మొదటి ప్రతి నాకు పంపితే చదివి, సందేహాలు అంచున రాసి తిప్పి పంపుతాను.