సాన్ సెబాస్టియన్ వెళ్ళేముందు

అమ్మలూ,

ఆశీస్సులు. జులైలో స్పెయిన్‌కి వెళ్ళి బిల్బావోలో దిగి, సాన్ సెబాస్టియన్ పొద్దున వెళ్ళి సాయంత్రానికి చూసొచ్చేస్తామని రాశావు. అలా చెయ్యకు తల్లీ. ఆ ఊరికి సాయంత్రమే ప్రాణం. రెండు రాత్రులైనా ఉండండి.

బిల్బావో విమానాశ్రయం నుంచే నేరుగా బస్సు ఉంది, గంటంపావు ప్రయాణం. చిన్న రైలు ఎక్కకండి, అది ఊరూరా ఆగుతూ రెండున్నర గంటలు తీసుకుంటుంది. బస్సు మీద, బోర్డుల మీద డొనోస్తియా అని కూడా ఉంటుంది, ఊరు అదే. బస్టాండు నేల కింద, రైల్వేస్టేషన్ పక్కనే. పైకొచ్చి మరియా క్రిస్టినా వంతెన దాటితే ఊరి మధ్యకి వచ్చినట్టే. గది మాత్రం పాతపేటలో తీసుకోవద్దు. అర్ధరాత్రి దాటినా సందుల్లో సందడి తగ్గదు, పిల్లలకి నిద్ర ఉండదు. వంతెనకి రెండువైపులా ఉన్న సెంట్రోలో గాని, గ్రోస్‌లో గాని వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూడండి. పాత భవనాలు కాబట్టి లిఫ్ట్ ఉందో లేదో ముందే అడుగు, మీ అత్తగారు మూడంతస్తులు ఎక్కలేరు.

అన్నిటికన్నా ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకో. విశాఖలో పోటుకీ ఆటుకీ తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అక్కడ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నాలుగు మీటర్లు దాటుతుంది. పొద్దున విశాలంగా కనిపించిన లా కొంచా బీచ్ ఇసుక, పోటు నిండేసరికి గోడ దగ్గర సన్నటి పట్టీగా మిగులుతుంది. నీటి అంచున పరిచిన తువ్వాళ్ళూ చెప్పులూ తడిసిపోయేది అందుకే. ఆటు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. ఆటు బాగా తగ్గినప్పుడు మిరమార్ రాజభవనం కింది రాళ్ళ పక్కగా ఇసుక మీదే నడిచి ఒందర్రెతా బీచ్‌కి వెళ్ళిపోవచ్చు. నీళ్ళు తిరిగి ఎక్కుతుంటే మాత్రం పైనున్న రోడ్డు పట్టుకోండి.

ఒందర్రెతా చివర శిల్పి ఎడ్వార్డో చియీదా చేసిన ఉక్కు శిల్పాలు మూడున్నాయి, 'పెయ్నె దెల్ వియెంతో', అంటే గాలి దువ్వెన. వాటికి పోటు వేళే సరైనది. అలలు కింద గుహల్లో కొడితే, రాతినేలకి పెట్టిన రంధ్రాల్లోంచి గాలీ తుంపరలూ ఒక్కసారిగా పైకి చిమ్ముతాయి. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. సముద్రం మరీ పొంగిన రోజున దగ్గరికి పోవద్దు.

పిల్లల ఈతకి లా కొంచా, ఒందర్రెతా మంచివి. ఎదురుగా సాంతా క్లారా దీవి అడ్డుగా ఉంటుంది కనుక అలలు నెమ్మది. నది అవతలి సురియోలా బీచ్ సర్ఫింగ్ చేసేవాళ్ళది, లాగుడు ఎక్కువ. ఎర్రజెండా ఉంటే ఎక్కడా దిగొద్దు. వేసవిలోనూ నీళ్ళు చల్లగానే ఉంటాయి. 1845లో స్పెయిన్ రాణి రెండో ఇసబెల్లాని వైద్యులు చర్మవ్యాధికి సముద్రస్నానం చెయ్యమని పంపింది ఈ నీళ్ళకే. ఆమె వెనక దొరలు, 1893లో మరియా క్రిస్టినా రాణి కట్టించిన మిరమార్ భవనం, హోటళ్ళు, అలా పెరిగిన ఊరు ఇది.

ఇక తిండి. బార్ కౌంటర్ మీద పరిచిన పించోలు, అంటే ఒకటి రెండు ముద్దల చిరుతిళ్ళు, చూసి పళ్ళెం నింపేసుకోవడం కొత్తవాళ్ళు చేసే పని. అవి ఎప్పుడో చేసి పెట్టిన చల్లటివి. వేడివి గోడమీది పలక చూసి చెప్తే అప్పుడు చేసిస్తారు. కౌంటర్ దాకా వెళ్ళి, ఒక పానీయం, ఒకటో రెండో పించోలు చెప్పి, నిలబడి తిని, చివర్లో డబ్బులిచ్చి పక్క బార్‌కి పోవాలి. పళ్ళెం చేతికిస్తే ఎన్ని తీసుకున్నారో మీరే లెక్కపెట్టుకోండి. వంటిళ్ళు మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో మూసి, రాత్రి ఎనిమిదికి గాని తెరవవు. పిల్లలకి చేతిలో ఏదో ఉంచు.

మీ అత్తగారు శాకాహారి కదా, ఆవిడ విషయంలో చాలా జాగ్రత్త. గిల్డా అని పుల్లకి మిరపకాయ, ఆలివ్ గుచ్చి ఉంటుంది, మధ్యలో ఆంచోవీ చేప ఉంటుంది. పుట్టగొడుగుల వేపుడు మీద పచ్చి గుడ్డుసొన పోస్తారు. టమాటా సలాడ్‌లో ట్యూనా వేస్తారు. ఇదియసాబల్ జున్నుని గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు, కాబట్టి అదీ వద్దు. 'సిన్ కార్నె' (మాంసం లేకుండా) అంటే పంది హామ్ దానికిందకి రాదనుకునేవాళ్ళుంటారు, అందుకని 'సిన్ హామోన్, సిన్ పెస్కాదో, సిన్ వేవో' (హామ్, చేప, గుడ్డు లేకుండా) అని విడివిడిగా చెప్పు. ఉప్పు చల్లిన గెర్నికా మిరపకాయల వేపుడు ఆవిడకి నచ్చుతుంది, కారం ఉండదు. పొద్దున్నే ఇంట్లో ఇంత అన్నం, పప్పు వండి పెట్టుకోండి. ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసేస్తారు, సరుకులు శనివారమే తెచ్చుకో.

నువ్వూ అల్లుడుగారూ మాత్రం ఆగస్టు 31 వీధిలో లా విన్యా బార్‌లో చీజ్‌కేక్ తినండి. పైన నల్లగా కాలి, లోపల వెన్నలా ఉంటుంది. 1813లో ఊరంతా తగలబడినప్పుడు మిగిలింది ఆ వీధే, పేరు కూడా ఆ మంటల తేదీదే. పక్కనే కొన్స్‌తితుసియోన్ కూడలిలో బాల్కనీల మీద అంకెలు చూడు. ఎద్దులతో పోరాటాలు అక్కడ జరిగిన రోజుల్లో అవి సీటు నంబర్లు.

ఇగెల్దో కొండమీదికి తీసుకెళ్ళే 1912 నాటి ఫ్యునిక్యులర్ (తాడుతో లాగే రైలు) ఎక్కడానికి పొద్దున్నే వెళ్ళండి, సాయంత్రం వరస పొడుగు. గొడుగులు ఆ గాలికి తిరగబడతాయి, అందరికీ టోపీ ఉన్న వానకోటు పెట్టు. జులైలోనూ వాన తప్పదు. సుమారు నలభై నిమిషాల రైలుదూరంలో ఫ్రాన్స్‌లోని ఆందాయ్ ఉంది, వెళ్తే అందరి పాస్‌పోర్టులూ వెంట ఉంచుకోండి. సరిహద్దు దగ్గర పోలీసులు రైల్లో అడుగుతుంటారు.

మీ
మావయ్య