గిటార్ నెక్ వెడల్పు 3 మి.మీ. తగ్గితే దాన్ని పారేయనవసరం లేదు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: ఫెండర్ కంపెనీవారి స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ కొలతలతో మొదటిసారి నెక్, అంటే తీగల కింద ఉండే పొడవాటి మెడ భాగం, చేస్తున్నారు, టేకు చెక్కను కోసి రందా పట్టిన తర్వాత కొలిస్తే, నట్ (నెక్ పై చివర తీగలు ఆనే గాట్ల ముక్క) దగ్గర 43 మి.మీ. ఉండవలసింది 40, బాడీలో కూర్చునే చివర 56 ఉండవలసింది 53 వచ్చింది. ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల పెట్టే లోహపు కడ్డీ) గాడి ఇంకా తీయలేదు, ఫ్రెట్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పై పలక) ఇంకా అతికించలేదు. ఈ చెక్కను పక్కన పెట్టి కొత్తది కొనాలా, దీన్నే నిలబెట్టుకునే దారి ఉందా అని అడుగుతున్నారు. దారి ఉంది. నేను హనుమకొండలో ఉంటాను. ఏడేళ్ల క్రితం నేను చేసిన మొదటి నెక్‌లో ఇదే పొరపాటు జరిగింది. ములుగు రోడ్డు వైపు చిన్న కార్ఖానా నడిపే ఒక పెద్ద మేస్త్రి దగ్గర కూర్చుని దాన్ని సరిచేసుకున్నాను. ఆ నెక్ ఈనాటికీ తీగల బిగువును మోస్తూ నిటారుగానే ఉంది.

ముందుగా, లోటు ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకుంటే మందు కూడా తేలికగా దొరుకుతుంది. ఫెండర్ పాత కొలతలు అంగుళాల్లో ఉంటాయి. నట్ వెడల్పు అంగుళం మీద పదహారింట పదకొండు వంతులు, అంటే 42.86 మి.మీ. మన వడ్రంగుల లెక్కలో అంగుళానికి 8 నూళ్లు కాబట్టి, అది అంగుళం మీద ఐదున్నర నూళ్లు అవుతుంది. రెండో చివర రెండంగుళాల మీద ఒకటిన్నర నూలు, అంటే 55.56 మి.మీ. నేను మేస్త్రికి కాగితం మీద రాసిచ్చేటప్పుడు ఆ రెండు అరలనూ వదిలేశాను. అర నూలు అంటే ఎంతో కాదనిపిస్తుంది గానీ, అది 1.6 మి.మీ. రెండు చివరలా అంత తగ్గింది. దానికి తోడు రంపం గీతకు లోపలి వైపు నడిచింది, ఆ రంపపు గాట్లు పోవడానికి రందా పట్టాము, మొత్తం కలిసి 3 మి.మీ. పోయాయి. మీ లెక్కలో కూడా రెండు చివరలా సమానంగా 3 మి.మీ. లోటు కనిపిస్తోంది. ఇది మీకు కలిసివచ్చే విషయం, ఎందుకో కింద చెబుతాను. ఏ పనీ మొదలుపెట్టకముందే వెర్నియర్ కాలిపర్‌తో నట్ దగ్గర, అయిదో ఫ్రెట్ (వీణ మెట్టు లాంటి అడ్డ కమ్మీ), పన్నెండో ఫ్రెట్, చివరి ఫ్రెట్ వచ్చే చోట్ల కొలిచి రాసిపెట్టుకోండి. లోటు అన్ని చోట్లా ఒకటే అయితేనే నేను చెప్పే పద్ధతి, అంటే నెక్‌ను నడుమ చీల్చి చెక్క పట్టీ అతికించడం, నేరుగా సరిపోతుంది. ఒక చివర ఎక్కువ, ఒక చివర తక్కువ ఉంటే, ఎక్కువ ఉన్న లోటుకు సరిపడా పట్టీ వేసి, తర్వాత రెండో చివర రందాతో తగ్గించుకోవాలి.

40 మి.మీ. తోనే సర్దుకుపోవచ్చు కదా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 43 వెడల్పు ఉన్న నెక్‌లో మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య సుమారు 35.5 మి.మీ. దూరం ఉంటుంది, అంటే తీగకూ తీగకూ మధ్య 7 మి.మీ. కంటే కొంచెం ఎక్కువ, అంచు వైపు దాదాపు 3.75 మి.మీ. మిగులుతుంది. 40 లో అదే అంచును ఉంచుకుంటే తీగల మధ్య దూరం 6.5కు పడిపోయి, కొన్ని తీగలు ఒకేసారి నొక్కి కార్డు పట్టినప్పుడు పక్క తీగకు వేలు తగులుతుంది. తీగల దూరాన్ని ఉంచుకుంటే అంచు తగ్గి, తీగను లాగి వాయించినప్పుడు అది ఫ్రెట్ చివర నుంచి జారి పక్కకు పడిపోతుంది. ఇక రెండో చివర, బాడీలో నెక్ కూర్చునే 56 మి.మీ. గుంటలో, అంటే పాకెట్‌లో, 53 మి.మీ. చెక్క కూర్చుంటే చెరో పక్కా ఒకటిన్నర మి.మీ. ఖాళీ ఉంటుంది. నాలుగు స్క్రూలు ఎంత బిగించినా నెక్ పక్కకు కదిలే అవకాశం మిగిలిపోతుంది.

వెడల్పు పెంచడానికి అందరికీ మొదట తట్టేది, చెరో పక్కా ఒకటిన్నర మి.మీ. పట్టీ అతికించడం. నేనూ అదే చేద్దామని పలుచని పట్టీలు కోయించుకుని మరీ కార్ఖానాకు వెళ్లాను. మేస్త్రి ఆ పట్టీలను ఒకసారి వంచి చూసి పక్కన పెట్టాడు. "సారు, పక్కలకు అతికిస్తే వెనుక గుండ్రం జేసేటప్పుడు అది పలుచగైతది, లేస్తది. నడుమ చీల్చి పట్టి పెట్టుండ్రి, అది ఎన్నటికీ లేవది" అన్నాడు. ఆ మాటలోని సంగతి నాకు రందా పట్టేటప్పుడు అర్థమైంది. నెక్ వెనుక భాగాన్ని గుండ్రంగా చెక్కేటప్పుడు పక్కనున్న పట్టీ కింది అంచు కత్తి అంచులా పలుచబడుతుంది. వాయించేవారి అరచేయి, బొటనవేలు రోజూ రాసుకునేది కూడా అక్కడే. నడుమ వేసిన పట్టీకి ఈ ఇబ్బంది లేదు, పైగా మధ్య గీతకు అటూ ఇటూ చెక్క అలాగే ఉంటుంది కనుక, రెండు చివరలా సమానంగా తగ్గిన వెడల్పు సమానంగానే తిరిగి వస్తుంది. ఇందాక కలిసివచ్చే విషయం అన్నది దీని గురించే.

వెనుక నుంచి చూస్తే ముదురు గీత కనిపిస్తుంది, అది అతుకులా ఉంటుందేమో అని వెనుకాడకండి. 1954లో వచ్చిన తొలి స్ట్రాటోకాస్టర్లలో మేపుల్ నెక్ ఒకే చెక్కతో చేసి, ట్రస్ రాడ్‌ను వెనుక వైపు నుంచి పెట్టి, ఆ గాడిని వాల్‌నట్ పట్టీతో మూసేవారు. గిటార్ తెలిసినవారి కంటికి ఆ గీత అలవాటైనదే. మూడు, ఐదు ముక్కలు కలిపి అతికించిన నెక్‌లు కూడా పేరున్న గిటార్లలో ఎన్నో ఉన్నాయి. చెక్క ఒక పక్కకు తిరగబోతే మరో ముక్క దాన్ని పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు నేను చేసిన రెండో తప్పు చెప్పాలి, మీరు ఆ తప్పు చేయకూడదనే ఇంత పొడవుగా రాస్తున్నాను. తగ్గింది 3 మి.మీ., మధ్యలో చీల్చిన యంత్రపు రంపం తిన్నది రెండున్నర, రెండు సగాల అంచులనూ రందాతో తిన్నగా చేయడానికి పోయింది ఒకటిన్నర, మొత్తం 7 అని లెక్కవేసి సరిగ్గా 7 మి.మీ. పట్టీ పెట్టాను. వెడల్పు సరిగ్గా వచ్చింది. కానీ ట్రస్ రాడ్ గాడి వెడల్పు 6 మి.మీ. దాన్ని మధ్యలో తీసేటప్పటికి పట్టీలో చెరో పక్కా అర మిల్లీమీటరు పొర మాత్రమే మిగిలింది. గాడి తీసే ట్రిమ్మర్ మెషీన్ మూడోసారి తిప్పేటప్పటికి ఆ పొర ఒక పక్క దాదాపు జానెడు పొడవున పీచులా లేచి ఊడివచ్చింది. రెండో పక్క పొర కూడా అక్కడక్కడ వదులైంది. చివరకు రెండు పక్కలా ఉలితో శుభ్రం చేసి గాడిని 7 మి.మీ. చేయవలసి వచ్చింది. వెడల్పైన గాడిలో రాడ్ వదులుగా ఉండి తీగ మీటినప్పుడల్లా గలగలమనకుండా, ఒక గోడకు 1 మి.మీ. వెనీర్, అంటే పలుచని చెక్క పొర, అతికించి మళ్లీ 6 కు తెచ్చాను. ఈ పనికి రెండు రోజులు పట్టింది.

కాబట్టి మీరు పట్టీని 12 మి.మీ. చేయండి. గాడి 6 పోగా చెరో పక్కా 3 మి.మీ. గట్టి చెక్క మిగులుతుంది. లెక్క కూడా సులువే: మధ్యలో చీల్చి, రందా పట్టడం అంతా అయ్యాక రెండు సగాలూ కలిపి నట్ దగ్గర 31, రెండో చివర 44 మిగలాలి, అంటే ఒక్కో సగం 15.5, 22. దానికి 12 కలిస్తే 43, 56. చివరి శుభ్రానికి పనికివచ్చేలా పట్టీని 12.5 ఉంచుకుంటే ఇంకా నిశ్చింత. పట్టీకి నేను జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, వాడాను. నల్లమద్ది కూడా గట్టిదే. టేకు మీద టేకు పట్టీయే వేసినా బలానికి లోటు లేదు. ఏ చెక్క అయినా నార పట్టీ పొడవునా తిన్నగా పోవాలి, పక్కకు దిగిపోకూడదు. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క చేతికి తేలికగా, ముద్దుగా ఉంటుంది గానీ, ఆరు తీగలు కలిసి దాదాపు 46 కిలోల బరువుతో లాగే చోట దాన్ని పెట్టకూడదు.

చీల్చే ముందు చెక్క ముఖం మీద రెండు సగాలకూ తగిలేలా పెద్ద త్రిభుజం గీసుకోండి, ఏ ముక్క ఎటు తిరిగినా గుర్తుపట్టవచ్చు. చీల్చిన వెంటనే అతికించవద్దు. నా చెక్క మట్టెవాడలో కూల్చిన ఒక పాత ఇంటి దర్వాజాది, ఎన్నో ఏళ్లు ఎండినది. అయినా చీల్చాక ఒక సగం వారంలో అర మిల్లీమీటరు వంగింది. కొత్త టేకు అయితే ఇంకా వంగుతుంది. వారం పది రోజులు గాలి తగిలే చోట ఆనించి ఉంచి, తర్వాత అంచులు రందా పట్టండి. రెండు అంచులనూ పట్టీతో కలిపి కిటికీ వైపు పట్టి చూసినప్పుడు ఎక్కడా వెలుతురు సందు కనిపించకూడదు. సందు కనిపిస్తే బంకతో, క్లాంపుల బిగువుతో మూసేద్దామనుకోవద్దు.

టేకులో నూనె గుణం ఉంటుంది. అతికించడానికి కాసేపటి ముందు అంచులను అసిటోన్ ముంచిన గుడ్డతో తుడిచి, ఆరగానే బంక రాయాలి. తుడిచి మధ్యాహ్నం భోజనం చేసి వస్తే నూనె మళ్లీ పైకి చేరుతుంది. మామూలు ఫెవికాల్ చాలు. అయితే మన ఎండాకాలంలో 44, 45 డిగ్రీల వేడికి అది నిమిషాల్లో పైన పొర కడుతుంది కాబట్టి పొద్దున ఆరింటికే ఈ పని పెట్టుకోండి. నెక్ ఒక చివర సన్నం, ఒక చివర వెడల్పు కనుక క్లాంపులు జారుతుంటాయి. మొదట కోసి తీసేసిన వాలు ముక్కలు ఇంకా ఉంటే, వాటినే రెండు పక్కలా ఆనించండి, పక్కలు సమాంతరమై క్లాంపు నిలుస్తుంది. ఆ ముక్కలకూ నెక్‌కూ మధ్య ప్లాస్టిక్ కాగితం పెట్టడం మరవద్దు. బంక తడిగా ఉన్నప్పుడు ముక్కలు ఒకదాని మీద ఒకటి జారకుండా, తర్వాత కోసేసే చివరల్లో సన్నని వెదురు చీలలు దిగగొట్టండి. ఏడెనిమిది సెంటీమీటర్లకు ఒక క్లాంపు చొప్పున వేసి, ఒక పూర్తి రోజు కదపకండి.

ట్రస్ రాడ్ గాడి దీని తర్వాతే. ఫ్రెట్‌బోర్డు 6 మి.మీ., మొదటి ఫ్రెట్ దగ్గర మొత్తం మందం 21 అనుకుంటే, నెక్ చెక్క 15 ఉంటుంది. గాడి 10 లోతు పోగా వెనుక 5 మిగులుతుంది. గుండ్రం చేసేటప్పుడు ఇది 3 కంటే దిగకూడదు. హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే ట్యూనర్లు ఉండే తల భాగం, కూడా పట్టీతో వెడల్పైంది కాబట్టి దాని ఆకారాన్ని మళ్లీ గీయాలి. ట్యూనర్ రంధ్రాలు వేసి ఉంటే చీల్చకముందే వాటిని అదే చెక్క బిరడాలతో మూసి, చివరలో కొత్తగా వేయండి. ఫ్రెట్‌బోర్డును మాత్రం వాలుగా కోయకుండా వెడల్పుగానే అతికించి, తర్వాత ట్రిమ్మర్‌తో నెక్ అంచుకు సమం చేయండి. అదీ తక్కువ కొలతకే కోసేసి ఉంటే, చెరో పక్కా ఒకటిన్నర మి.మీ. బైండింగ్, అంటే అంచు పట్టీ, వేస్తే ఆ 3 మి.మీ. తిరిగి వస్తుంది. ఫ్రెట్ల కింది పళ్లను మాత్రం చివరల్లో బైండింగ్ మేర కత్తిరించాలి.

మీరు అడగలేదు గానీ, వెడల్పు తప్పిన చోట పొడవు కూడా ఒకసారి చూసుకోండి. వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి కాబట్టి మైనం కరిగించి మెట్టును జరుపుకోవచ్చు. గిటార్ ఫ్రెట్ గాటు ఒకసారి పడితే జరగదు. 648 మి.మీ. స్కేలుకు, అంటే మోగే తీగ పొడవుకు, నట్ నుంచి మొదటి ఫ్రెట్ 36.4, పన్నెండో ఫ్రెట్ 324 దగ్గర ఉండాలి. నట్ వైపు చివర ఒక మిల్లీమీటరు ఎక్కువ కోసి ఉంటే అన్ని ఫ్రెట్లూ అపస్వరం పలుకుతాయి. అక్కడ పోయినంత మందం ముక్క అతికించి నట్‌ను సరైన చోటికి తేవడం తప్ప వేరే మార్గం లేదు.

చివరగా పాకెట్. 56 అన్నది కాగితం మీది కొలత, మీ బాడీ పాకెట్ 55.8 ఉండవచ్చు, 56.3 ఉండవచ్చు. పట్టీలో మిగిల్చిన అర మిల్లీమీటరు ఇందుకే. ఇసుక కాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి, ఒక్కో పక్క నాలుగైదు సార్లు రుద్దుతూ, ప్రతిసారీ పాకెట్‌లో పెట్టి చూడండి. చేత్తో నొక్కితే లోపలికి దిగి, బాడీని కొంచెం పైకెత్తినప్పుడు స్క్రూలు లేకుండానే ఊడిపోకుండా ఉంటే, అక్కడితో ఆపండి.