ఆది చెప్పు ఉందా మీ దగ్గర?

పోయిన నెల ఏదో మాటల్లో, నేను పెళ్ళికి ముందు రాణిపేట షూ ఫ్యాక్టరీలో ప్యాటర్న్ సెక్షన్‌లో పనిచేశానని ఒక్క వాక్యం రాశాను. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం చెప్పుల గురించే. వాటిలో నాలుగింటికి జవాబులివి.

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి బైరాగిపట్టెడ. రెండు నెలల్లో నా పెళ్ళి. రిసెప్షన్ చీర ముదురు పచ్చ. దానికి తగ్గ హీల్స్ కోసం గాంధీ రోడ్డంతా తిరిగినా దొరకలేదు. ఆన్‌లైన్‌లో రంగు, హీల్ ఎత్తు, ముందు భాగం ఆకారం, స్ట్రాప్ అన్నీ మనమే ఎంచుకుంటే కుట్టి పంపేవాళ్ళు ఉన్నారు. ఐదు వేల దాకా అవుతుంది, మొత్తం ముందే కట్టాలి, వాపసు తీసుకోరట. నాకు ఒక షాపులో 5 సరిపోతుంది, ఇంకో షాపులో 6. కాళ్ళకేసుకునేదానికి అంత డబ్బా అని అమ్మ ఒకటే గొడవ. ఆర్డర్ పెట్టమంటారా?

జవాబు: పెట్టు తల్లీ, కానీ ఈ రాత్రికి రాత్రే వద్దు. నాకు తెలుసు, ఆ స్క్రీన్ మీద రంగులు మార్చుకుంటూ గంటసేపు కూర్చుంటావు, చివర్లో సైజు అడిగిన చోట రెండు సెకన్లలో 5 అని కొట్టేస్తావు. జాకెట్టు కుట్టించుకోవడానికి పోతే మాత్రం ఆది జాకెట్టు సంచిలో పెట్టుకుని, చంక దగ్గర పట్టేస్తోంది అరంగుళం వదలండి అని టైలర్‌కి పదిసార్లు చెప్తాం కదా. చెప్పులకూ అదే పని చెయ్యాలి.

చెప్పు తయారయ్యేది లాస్ట్ మీద. లాస్ట్ అంటే పాదం ఆకారంలో ఉండే అచ్చు, పూర్వం చెక్కతో చేసేవాళ్ళు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్. పైతోలును దాని మీదకు లాగి బిగించి, అడుగున సోల్ అంటిస్తారు. హీల్ ఎత్తు మారితే అచ్చు కూడా మారాల్సిందే, 2 అంగుళాల అచ్చు మీద చేసిన చెప్పుకి 3 అంగుళాల హీల్ తగిలిస్తే అది నిలబడదు, నిన్నూ నిలబడనివ్వదు. ఇక ఆన్‌లైన్‌లో కస్టమ్ అని రాసుకునేవాళ్ళలో చాలామంది అచ్చు జోలికే పోరు. ఉన్న అచ్చుల మీద నువ్వడిగిన రంగు, నువ్వడిగిన స్ట్రాప్ వేసి పంపుతారు. కొందరు మాత్రం దగ్గరి సైజు అచ్చు తీసుకుని, నీ పాదం వెడల్పున్న చోట తోలు ముక్క అంటించి పెంచి దాని మీద కుడతారు. అచ్చంగా నీ కాలికే అచ్చు చెక్కించేవాళ్ళు ఐదు వేలకు దొరకరు. అందుకని డబ్బు కట్టేముందు ఒక్క మెసేజ్ పెట్టు: కొలతలు పంపితే అచ్చు సర్దుతారా, సైజు నంబర్ మాత్రమే చూస్తారా? నంబర్ మాత్రమే అన్నారంటే అది రంగు మార్చిన షాపు చెప్పే. అందులో తప్పేం లేదు, కాకపోతే ఆ ధర పెట్టాలా అని ఆలోచించుకో.

5, 6 గొడవ నీ కాలిది కాదు. బ్రిటిష్ లెక్కలో ఒక సైజుకీ ఇంకో సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ లెక్కలో ఆ తేడా 6.67 మిల్లీమీటర్లే. ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చేటప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా సర్దేసుకుంటుంది. నువ్వు నంబర్ చెప్పకు, మిల్లీమీటర్లు చెప్పు.

కొలిచేది సాయంత్రం, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి. అలాగని మొక్కుందని అలిపిరి మెట్లన్నీ ఎక్కి వచ్చిన మర్నాడు మాత్రం కొలవకు, అది నీ కాలు కాదు. తెల్లకాగితాన్ని గోడకు ఆనించి గచ్చు మీద పరిచి, మడమ గోడకు తగిలేలా నిలబడు. కూర్చుంటే బరువు పడదు, పాదం పరుచుకోదు. గీసేది అమ్మ, నువ్వు వంగితే కాలు కదులుతుంది. పెన్సిల్ నిటారుగా ఉండాలి. మా చెల్లెలి పెళ్ళప్పుడు ఎవరూ లేరు కదా అని నాకు నేనే వంగి గీసుకున్నాను, పెన్సిల్ లోపలికి వాలి రెండు పక్కలా తలా రెండు మిల్లీమీటర్లు ఎగిరిపోయాయి. ఫ్యాక్టరీలో చేసినదాన్ని! మెరూన్ వెల్వెట్ చెప్పులు, ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉన్నాయి, మా చెల్లెలి కూతురు పెద్దదయ్యాక దానికైనా సరిపోతాయేమోనని చూస్తున్నా.

పొడవు అయ్యాక టైలర్ టేపుతో వేళ్ళ మొదళ్ళ దగ్గర పాదం చుట్టుకొలత, ఆ పైన మీగాళ్ళ దగ్గర చుట్టుకొలత తియ్యి. రెండు కాళ్ళకూ. చాలామందికి ఒక కాలు పెద్దది, పెద్ద కాలికే కుట్టించుకోవాలి, చిన్న కాలికి లోపల మెత్త వేసుకోవచ్చు. నీకు బాగా సరిపోయే పాత జత ఏదైనా ఉంటే లోపలి అట్ట పొడవు కొలిచి, ఫొటోతో కలిపి అదీ పంపు. అదే నీ ఆది చెప్పు.

ఇంకోటి, రిసెప్షన్ ముందురోజు రాత్రా, తాళి కట్టాకా? మనవైపు ముందురోజు పెట్టుకునేవాళ్ళు ఎక్కువే. తర్వాతైతే అప్పటికి కాళ్ళకు మెట్టెలుంటాయి, ముందు మూసిన కోసు చెప్పులో అవి పక్క వేలిని నొక్కి నొక్కి చంపుతాయి. వేళ్ళు కనిపించే డిజైన్ తీసుకో, లేదా అమ్మ మెట్టెలు కాసేపు పెట్టుకుని కొలతివ్వు. పారాణి తడి లేత రంగు లైనింగ్‌కి అంటుకుంటే పోదు. చీలమండ స్ట్రాప్‌కి బకిల్ ఉంటే పట్టీల గజ్జెలు అందులో ఇరుక్కుంటాయి. హీల్ 2 అంగుళాలు చాలు, లావుది. రెండు గంటలు నవ్వుతూ నిలబడాలి మరి. చీర ముందే కుచ్చిళ్ళు పెట్టి ఐరన్ చేసిచ్చేవాళ్ళకు కూడా ఆ ఎత్తు చెప్పు.

రంగు సంగతి చివర్లో చెప్తున్నా ఎందుకంటే అది చివరిదే. స్క్రీన్ మీద పచ్చ, చేతికొచ్చాక పచ్చ ఒకటి కావు, చిన్న ముక్క కొరియర్ చేయమని అడుగు. పంపలేమంటే బంగారు రంగు తీసుకో, పచ్చ చీర కింద పచ్చ చెప్పుల్ని ఎవరూ చూడరు. పెళ్ళికి ఐదారు వారాల ముందే ఆర్డర్ పెట్టు, వచ్చాక నాలుగు సాయంత్రాలు ఇంట్లో వేసుకుని తిరుగు. అమ్మ అన్నదాంట్లోనూ న్యాయం ఉంది, పీటల మీద ఎలాగూ చెప్పులుండవు. తర్వాత కూడా వేసుకోగలిగే డిజైన్ తీసుకుంటే ఆమె నోరు మూతపడుతుంది.

ప్రశ్న: నేను చిత్తూరులో టీచర్‌ని, వయసు 46. పాదాలు వెడల్పు, పైగా కుడి బొటనవేలి మొదట్లో ఎముక పక్కకు పొడుచుకొచ్చింది. ఆడవాళ్ళ చెప్పులేవీ పట్టక మగవాళ్ళ శాండల్స్ వేసుకుని స్కూలుకు పోతున్నా. ఆన్‌లైన్‌లో కుట్టించుకుంటే ఫలితం ఉంటుందా?

జవాబు: టీచరమ్మా, మీ పాదాలు వెడల్పని మీరు సిగ్గుపడక్కర్లేదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. మనవాళ్ళ పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ పాదాల కన్నా వెడల్పని తేలింది. ఆ లెక్కల మీదే మన దేశానికి 'భ' అనే సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. ఇన్నాళ్ళూ వాళ్ళ కొలతల చెప్పుల్లో మన కాళ్ళు దూర్చి, పట్టకపోతే మన కాలిని తిట్టుకున్నాం.

మీకు ఆన్‌లైన్ కన్నా దగ్గరి దారి ఉంది. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో రాణిపేట, ఇంకాస్త పోతే ఆంబూరు, వాణియంబాడి. అక్కడి నుంచి విదేశాలకు కూడా తోలు చెప్పులు పోతాయి. ఒక ఆదివారం పోయి కాలు చూపించి కుట్టించుకోండి, ఆ ఎముక దగ్గర అచ్చు పెంచడం వాళ్ళకు అలవాటైన పనే. అసలు తోలే అడగండి, వాడేకొద్దీ అడ్డంగా కాస్త సాగుతుంది (పొడవు మాత్రం సాగదు, పొట్టిగా ఉంటే కొనకండి). రెగ్జిన్ సాగదు. ఆ ఎముక మీదుగా కుట్టు రాకుండా చూసుకోండి, మెత్తటి తోలైనా కుట్టు గరుకే. అక్కడ ఎర్రబడి నొప్పి పెడుతుంటే, లేదా మీకు షుగర్ ఉంటే, ముందు డాక్టర్‌కి చూపించండి. షుగర్‌తో పాదాలు మొద్దుబారితే చెప్పు కరుస్తున్నా తెలియదు.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. 2 అంగుళాల హీల్ అడిగితే 3 అంగుళాలది పంపారు. కస్టమ్ ఆర్డర్ కదా, వాపసు కుదరదు అంటున్నారు. అంతేనా?

జవాబు: అంతే కాదు. మీ మనసు మారితే వాళ్ళన్నది చెల్లుతుంది. చెప్పిందొకటి పంపిందొకటి అయితే వెనక్కి తీసుకోనని అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. ఆర్డర్ స్క్రీన్‌షాట్, హీల్ పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో, రెండూ వాళ్ళ ఫిర్యాదుల అధికారికి మెయిల్ చేయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా పని జరక్కపోతే వినియోగదారుల కమిషన్. కంపెనీ ఏ ఊళ్ళో ఉన్నా మీ జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఈలోగా ఆ చెప్పులు వేసుకుని బయట తిరగకండి, సోల్ అరిగిందంటే మీ మాట నిలవదు.

ప్రశ్న: మేడం, నేను మహిళా యూనివర్సిటీలో చదువుతున్నా. ఎవరి చెప్పులు వాళ్ళే డిజైన్ చేసుకునే వెబ్‌సైట్ పెడదామని ఇద్దరు ఫ్రెండ్స్‌తో అనుకుంటున్నాం. నడుస్తుందంటారా?

జవాబు: ఆస్ట్రేలియాలో 2009లో షూస్ ఆఫ్ ప్రే అని సరిగ్గా ఇలాంటిదే పెట్టారు. పేరొచ్చింది, కోట్ల డాలర్ల పెట్టుబడీ వచ్చింది, అయినా 2018లో ఆర్డర్లు ఆపేశారు. మామూలు కొనుగోలుదారులకు డిజైన్ చేసుకునే ఓపిక లేదని, ఏది బాగుంటుందో చూపిస్తే కొనుక్కుంటారని వ్యవస్థాపకుల్లో ఒకరైన మైఖేల్ ఫాక్స్ తర్వాత చెప్పుకొచ్చారు. నాకైతే అందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. చీరల కొట్లో కూడా నాలుగు వందల చీరలు పరిపిస్తే టెన్షన్ పడి ఏదీ కొనకుండా లేచొచ్చేవాళ్ళమే కదా మనం.

మీరు ముప్పై రంగులు, పది హీల్స్ పెట్టకండి. రెండే మోడళ్ళు, ఐదు రంగులు పెట్టి, వెడల్పుల్లో మాత్రం మూడు రకాలివ్వండి, షాపులో దొరకనిది అదే. ముందు ఆంబూరు పోయి పది, ఇరవై జతలైనా చేసిచ్చే చిన్న యూనిట్‌ని వెతకండి, వెబ్‌సైట్ తర్వాత చూసుకోవచ్చు. కాలు ఎలా గీయాలో ఒక వీడియో తీసి పెట్టండి, పెన్సిల్ సంగతి అందులో గట్టిగా చెప్పండి. మొదటి జత నాకే, డబ్బు కట్టే కొంటా. ఎడమ కాలు 238 మిల్లీమీటర్లు, కుడిది 235, ఈసారి మా ఆయన గీశాడు.