వజ్రాల వ్యాపారంలో యూదులు అంతమంది ఎందుకున్నారు?

వజ్రాల వ్యాపారం యూదుల చేతికి ఎలా వెళ్ళింది, ఇప్పటికీ వాళ్ళదేనా అన్నది ప్రశ్న. నేను బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ఒక గుజరాతీ వజ్రాల కంపెనీలో కొన్నేళ్ళు అకౌంట్స్ చూశాను. అక్కడ చూసిందీ, ఆ ఆసక్తి కొద్దీ చదివిందీ కలిపి చెబుతాను.

"వ్యాపారం వాళ్ళ రక్తంలోనే ఉంది" అని చాలామంది అంటుంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. మిగతా పనులన్నీ చెయ్యనివ్వకపోతే, మిగిలిన పనిలో ఆరితేరారు. మధ్యయుగాల యూరప్‌లో చాలాచోట్ల యూదులకు భూమి కొనే హక్కు లేదు. చేతివృత్తుల సంఘాలు క్రైస్తవులను తప్ప చేర్చుకునేవి కావు. మిగిలింది వడ్డీ వ్యాపారం, తాకట్టు. తాకట్టుకు వచ్చిన నగకు వెల కట్టాలంటే రాళ్ళ గురించి తెలియాలి కదా. పైగా 1492లో స్పెయిన్ వెళ్ళగొట్టింది, 1497లో పోర్చుగల్ బలవంతంగా మతం మార్పించింది. ఎప్పుడు ఊరు వదలాల్సి వస్తుందో తెలియని వాడికి చొక్కా మడతలో పట్టే ఆస్తి కంటే ఏం కావాలి? అలా వెళ్ళిన వాళ్ళలో కొందరు ఆంట్‌వెర్ప్, ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ చేరారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ సంఘాలు దగ్గరికి రానివ్వలేదు. కానీ వజ్రాలకు సాన పట్టడం అక్కడ కొత్త పని, దానికి అసలు సంఘమే లేదు. అదే వాళ్ళకు కలిసొచ్చింది.

మరి ఆ రాళ్ళు ఎక్కడివి? చాలావరకు మన కృష్ణా ఒడ్డువే. 1720ల్లో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలంటే దాదాపుగా మన దేశపువే. కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. లండన్ యూదు వర్తకులు మధ్యధరా సముద్రపు పగడాలను ఇటలీలోని లివోర్నో నుంచి తెప్పించి మద్రాసుకు పంపేవారు, బదులుగా వజ్రాలు తీసుకెళ్ళేవారు. పగడమంటే మనవాళ్ళకున్న మోజు వాళ్ళకు బాగా పనికొచ్చిందన్నమాట. 1688లో మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు ఆల్డర్‌మన్లలో, అంటే కార్పొరేషన్ పెద్ద సభ్యుల్లో, యూదు వర్తకులూ ఉన్నారు. జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ వీధి ఇప్పటికీ ఉంది, చెన్నై వెళితే చూడండి.

యూదులంటే అందరూ షావుకార్లే అనుకోవద్దు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కువమంది సాన దగ్గర కూర్చున్న కూలీలు. 1867లో దక్షిణాఫ్రికాలో వజ్రం దొరికాక కొన్నేళ్ళు వాళ్ళకు చేతినిండా పని, జేబునిండా డబ్బు. తర్వాత మళ్ళీ కష్టాలు. 1894లో హెన్రి పోలాక్ వంటివాళ్ళు యూదు, క్రైస్తవ కార్మికులను కలిపి యూనియన్ పెట్టి, 1911లో ఎనిమిది గంటల పనిదినం సాధించారు. ఆ మనుషులే తర్వాత నాజీల చేతికి చిక్కారు. నెదర్లాండ్స్‌లో ఉన్న సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా చనిపోయారు. ఆమ్‌స్టర్‌డామ్ వజ్రాల పరిశ్రమ మళ్ళీ కోలుకోలేదు. యుద్ధం నుంచి బయటపడ్డవాళ్ళతో ఆంట్‌వెర్ప్, న్యూయార్క్ 47వ వీధి, ఇజ్రాయెల్ పుంజుకున్నాయి.

వజ్రాల గనుల పెద్ద కంపెనీ డి బీర్స్ కూడా యూదులదే కదా అంటారు. 1888లో దాన్ని పెట్టిన సెసిల్ రోడ్స్ చర్చి పాదిరి కొడుకు. బార్నీ బార్నాటో అనే లండన్ యూదుడు మొదట ఆయనకు పోటీదారు, తర్వాత భాగస్వామి. 1929లో ఛైర్మన్ అయిన ఎర్నెస్ట్ ఓపెన్‌హైమర్ యూదుడిగా పుట్టి క్రైస్తవంలోకి మారాడు.

ఇక బేరం ఎలా జరుగుతుందో చెబుతాను. ఆంట్‌వెర్ప్ సెంట్రల్ స్టేషన్ పక్కనే హోవెనియర్స్‌స్ట్రాట్ వీధి, వజ్రాల బేరాలన్నీ ఆ చుట్టుపక్కలే. మా ఆఫీసుకు నల్లకోటు, టోపీ వేసుకున్న యూదు బ్రోకర్లు వచ్చేవారు. ఉత్తరం వైపు కిటికీ దగ్గర బల్ల మీద తెల్లకాగితం, పట్టకారు, భూతద్దం. రాయి నచ్చితే బ్రోకర్ దాన్ని కాగితం పొట్లంలో పెట్టి, కవరుకు సీలు వేసి, పైన తన రేటు రాసి సంతకం పెట్టేవాడు. దానికి మా సేటు జవాబిచ్చేదాకా ఆ రాయిని ఇంకెవరికీ చూపించకూడదు. కుదిరితే చేతులు కలిపి "మజల్" అంటారు, అదృష్టం అని అర్థం. గుజరాతీలూ అదే మాట అంటారు. ఆ మాట తప్పితే కోర్టుదాకా అక్కర్లేదు, బోర్సు, అంటే వజ్రాల వర్తకుల సంఘం, పంచాయితీ పెట్టి తేలుస్తుంది. దాని తీర్పు కూడా లెక్కచెయ్యకపోతే మిగతా బోర్సులకూ పేరు వెళుతుంది, ఇక అప్పు పుట్టదు. అన్నదమ్ములూ వియ్యంకులూ ఒకే లైన్‌లో ఉండే సమాజాలకు ఈ పద్ధతి ఎందుకు నప్పుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పటికీ వాళ్ళదేనా? కాదు. 1960ల నుంచి గుజరాత్‌లోని పాలన్‌పూర్ జైనులు ఆంట్‌వెర్ప్ వచ్చారు. మిగతావాళ్ళు పెద్దగా పట్టించుకోని చిన్న, చవక రాళ్ళను కొని సూరత్‌లో సాన పట్టించి అమ్మారు. ఇప్పుడు ప్రపంచంలో సాన పట్టే రాళ్ళలో, సంఖ్య చూస్తే, 90 శాతం దాకా భారత్‌లోనే తయారవుతున్నాయి. ఆంట్‌వెర్ప్ వ్యాపారంలోనూ భారతీయులదే పెద్ద వాటా. బ్రోకర్లలో యూదులు ఇంకా బాగానే ఉన్నారు. ఈ మధ్య ఇద్దరికీ టెన్షన్ ఒకటే, ల్యాబ్‌లో పెంచిన వజ్రాలు. వాటిని కూడా జోరుగా తయారుచేస్తున్నది సూరత్ వాళ్ళే.